కాటన్ దొర నీళ్ళు, నర్సమ్మ పాఠాలు

ఆత్రేయపురం వాళ్ళకి కాటన్ దొర గురించి చెప్పబోవడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆనకట్ట కథ సోషల్ మేష్టారు చెప్పగా విన్నాం, పరీక్షల్లో రాశాం, లొల్ల లాకుల మీద కూర్చుని ఒకళ్ళకొకళ్ళం చెప్పుకున్నాం. డొక్కల కరువు చూసిన నేల అన్నపూర్ణ అయింది. ఊరూరా ఆయన విగ్రహం ఉంది. నేనూ ఇంజనీరునే కాబట్టి ఆ దండల్లో ఒక పువ్వు నా వాటాకి కూడా వచ్చినట్టు సంబరపడుతుంటాను.

అయితే ఆ కథలో మన పాఠ్యపుస్తకం చెప్పని మనిషి ఒకావిడ ఉంది. ఆవిడ మన దేశం ఎప్పుడూ రాలేదు, గోదావరిని చూడలేదు. లండన్‌లో, చాలా కాలం మంచం మీదే ఉంటూ, కాటన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపింది. ఇండియాకి కావలసింది కాలువలేనన్న ఆయన వాదనని సమర్థిస్తూ రాసింది. ఆవిడ ఫ్లోరెన్స్ నైటింగేల్. దీపం పట్టుకున్న బొమ్మగా మనకి తెలిసిన ఆవిడే.

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని సంఘం వారు అడిగినప్పుడు పూతరేకుల గురించో, వరదల గురించో రాస్తానని అనుకున్నారట. వాటి గురించి నాకన్నా బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను నర్సుల గురించి రాస్తున్నాను. కారణం మా బ్యాచ్‌లో చదివిన ఒక అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ఆవిడ ఇప్పుడు ఒక నర్సింగ్ కాలేజీలో కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ ప్రొఫెసరు. పేరు వెయ్యొద్దంది కాబట్టి వెయ్యడం లేదు. మా రోజుల్లో క్లాసులో ఆడపిల్లలూ మగపిల్లలూ మాట్లాడుకునేవాళ్ళు కాదు కదా, అందుకని మేం ఇప్పటికీ ఒకరినొకరు “మీరు” అనే అనుకుంటాం. కిందటేడు పూర్వ విద్యార్థుల కలయికలో నేను కాటన్ గురించి మాట్లాడి దిగితే, ఆవిడ వచ్చి “నీళ్ళు తెచ్చినాయన గురించి చెప్పారు, బాగుందండి. ఆ నీళ్ళతో ఎలా బతకాలో నేర్పినవాళ్ళ గురించి ఎవరు చెప్తారు?” అన్నారు. ఆ మాట పట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

ముందు నైటింగేల్ సంగతి. క్రిమియా యుద్ధం తర్వాత ఆవిడ దృష్టి ఇండియాలోని తెల్ల సైనికుల మీద పడింది. ఏడాదికి వెయ్యికి 69 మంది చచ్చిపోతున్నారు, అదీ యుద్ధంలో కాదు, మురికినీళ్ళ వల్లా జ్వరాల వల్లా. 1863లో వచ్చిన రాయల్ కమిషన్ నివేదిక వెనక లెక్కల పని చాలావరకు ఆవిడదే. సైనికుల దగ్గర మొదలుపెట్టిన మనిషి మెల్లగా రైతుల దగ్గరికి వచ్చింది. కంటోన్మెంటు పక్క ఊళ్ళో కలరా ఉంటే కంటోన్మెంటుని ఎంత కడిగినా లాభం లేదని తెలుసుకుంది. 1874లో అచ్చయిన ‘లైఫ్ ఆర్ డెత్ ఇన్ ఇండియా’కి నీటిపారుదల మీద ఒక అనుబంధం జోడించింది. ఆవిడ వాదన ఏమిటంటే, కాలువలు తవ్వండి, కానీ నీరు వచ్చే దారితో పాటు మురుగు పోయే దారి కూడా అప్పుడే చూడండి, లేకపోతే కరువు పోయి జ్వరం వస్తుంది. ఇంజనీరుగా చెబుతున్నాను, ఇది ఒక నర్సు మాకు పెట్టిన పరీక్ష. మన డెల్టాలో కాలువలు వచ్చిన వందేళ్ళకి పైగా అయ్యాక, 1960ల్లో, మిత్రా కమిటీ వేసి మురుగు కాలువల సంగతి చూడాల్సి వచ్చిందంటే ఆ పరీక్షలో మనకి ఎన్ని మార్కులు వచ్చాయో మీరే చెప్పండి.

నీళ్ళు నిలిస్తే ఏమవుతుందో మన ప్రాంతం వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. బోదకాలు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ తెచ్చే జబ్బు ఇది. ఉభయ గోదావరి జిల్లాల్లో దీని ఉధృతి ఎంతో తెలియాలంటే, దేశంలో ఫైలేరియా శిక్షణ, పరిశోధన కోసం పెట్టిన మూడు ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి రాజమండ్రిలో ఉండటం చాలు. మిగతావి కాలికట్, వారణాసి. ఈ జబ్బు క్రిములు రక్తంలో రాత్రిపూటే తిరుగుతాయి. అందుకని రక్తపు చుక్క తీసేవాళ్ళు రాత్రి ఎనిమిదిన్నర దాటాకే ఇళ్ళకి రావాలి. నిద్రపోతున్న మనిషిని లేపి వేలు పొడుస్తాననే మనిషిని ఇంట్లోకి రానివ్వాలంటే, ఆ మనిషి మీద ఆ ఇంటికి ముందే నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం రాత్రికి రాత్రి కుదిరేది కాదు. పగటిపూట ఆ ఇంటికి ఎన్నోసార్లు వచ్చిపోయిన నర్సమ్మ సంపాదించిపెట్టేది అది.

నైటింగేల్ 1860లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల బడి పెట్టిందని అందరికీ తెలుసు. ముసలితనంలో ఆవిడ పెట్టిన ఇంకో బడి గురించి తక్కువమందికి తెలుసు. 1892లో బకింగ్‌హామ్‌షైర్ పల్లెల్లో ‘హెల్త్ మిషనర్లు’ అని కొందరు స్త్రీలని తయారుచేయించింది. రోగికి కట్టు కట్టడం వాళ్ళ పని కాదు. జబ్బు రాకుండా ఇల్లు, నీళ్ళు, పసిబిడ్డ, పెంటకుప్ప ఎలా చూసుకోవాలో తల్లులకి నేర్పడం వాళ్ళ పని. రోగులకి చేసే నర్సింగ్ వేరు, ఆరోగ్యానికి చేసే నర్సింగ్ వేరు అని ఆవిడ 1893లోనే రాసింది. వేదిక ఎక్కి ఉపన్యాసం ఇస్తే కుదరదని, ఇంటికి వెళ్ళి ఆ ఇంటావిడతో మాటల్లో పడి నేర్పాలని పట్టుబట్టింది. 1896లో ఇదే పద్ధతి ఇండియా పల్లెలకీ కావాలని రాసింది. మా ప్రొఫెసరు గారు ఈ సంగతి చెబుతూ, “మా సిలబస్ అంతా అక్కడే ఉందండి, మేం నూట ముప్పై ఏళ్ళుగా దాన్ని పొడిగిస్తున్నాం, కుదిస్తున్నాం, అంతే” అన్నారు.

మన వైపు ఆ పని ఎలా వచ్చింది? మొదట మిషన్ ఆస్పత్రుల దారిన వచ్చింది. పెన్సిల్వేనియాలో వైద్యం చదివిన అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. పదిహేనేళ్ళకి, 1898లో, అక్కడ స్త్రీలకీ పిల్లలకీ ఆస్పత్రి లేచింది. అంతకు ముందే, 1890ల నడుమ, కేథరిన్ ఫాస్ అనే శిక్షణ పొందిన నర్సు వచ్చి చేరారు. డాక్టరు ఒక్కరే వందమందికి వైద్యం చేయలేరు, నర్సుల్ని తయారుచేయాలి అన్నది వాళ్ళకి మొదట్లోనే తెలిసిపోయింది. ఏలూరు రాజా భుజంగరావు గారి కుటుంబంలో వైద్యం జరిగిన కృతజ్ఞతకి, ఆస్పత్రికి వచ్చే హిందూ కుటుంబాలు దిగడానికి ఆయన సత్రం కట్టించారు. రాజమండ్రిలో డాక్టర్ లిడియా వర్నర్ చేసిన కృషితో 1911 నాటికి స్త్రీలు, పిల్లల ఆస్పత్రి వెలిసింది. పిఠాపురంలో కెనడా బాప్టిస్టుల ఆస్పత్రి. మన తాతమ్మల తరంలో కాన్పు కష్టమైతే ఎడ్లబండి మీదో పడవ మీదో ఇలాంటి చోట్లకే తీసుకెళ్ళేవారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆస్పత్రి కట్టడం కన్నా కష్టమైన పని నర్సు కావడానికి ఆడపిల్లల్ని దొరకబుచ్చుకోవడం. పురుడంటే మైల. బొడ్డుకోసే మంత్రసాని చేతిలోనే మన ప్రాణం నిలబడింది గానీ ఆవిడని అరుగు మీద కూర్చోబెట్టలేదు. పెద్దిళ్ళ వాళ్ళు అమ్మాయిల్ని ఈ పనికి పంపలేదు. తొలినాటి తెలుగు నర్సుల్లో ఎక్కువమంది క్రైస్తవంలోకి వచ్చిన పేద కుటుంబాల ఆడపిల్లలు, వాళ్ళలోనూ ఎంతోమంది దళితులు, వితంతువులు. తర్వాత మలయాళీ సిస్టర్లు వచ్చారు. మనిషి ప్రాణం కాపాడినావిడకి గ్లాసు వేరుగా పెట్టిన ఇళ్ళు మన డెల్టాలో ఉండేవి. ఈ చరిత్ర రాసేటప్పుడు దాన్ని పక్కన పెట్టడం నాకు సబబుగా అనిపించలేదు.

1926లో మద్రాసు ప్రెసిడెన్సీలో నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. మనం అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనే ఉన్నాం. దాంతో చదువుకున్న నర్సుకి ఒక రిజిస్టరు, ఒక గుర్తింపు వచ్చాయి. అయినా సంఖ్య ఎంత? 1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే బ్రిటిష్ ఇండియా మొత్తానికి నర్సులు ఏడువేలు, అంటే 43,000 మందికి ఒకరు. శిక్షణ ఉన్న మంత్రసాని 60,000 మందికి ఒకరు. ఇళ్ళకి వెళ్ళి తల్లీబిడ్డల్ని చూసే హెల్త్ విజిటర్ నాలుగు లక్షలమందికి ఒకరు. పుట్టిన వెయ్యిమంది బిడ్డల్లో 162 మంది ఏడాది తిరక్కుండా పోతున్నారు. వెయ్యి కాన్పులకి ఇరవైమంది తల్లులు పోతున్నారు. మన తాతలు “పుట్టినవాళ్ళు పదిమంది, దక్కినవాళ్ళు నలుగురు” అని మామూలుగా చెప్పేవారు కదా, ఆ మాట వెనకున్న అంకెలు ఇవి.

అదే 1946లో ఢిల్లీలోనూ వెల్లూరులోనూ నర్సింగ్‌లో డిగ్రీ కోర్సులు మొదలయ్యాయి. మరుసటి ఏడు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. నర్సింగ్ అనేది డాక్టరు పక్కన నిలబడే పని కాదు, యూనివర్సిటీలో చదవాల్సిన శాస్త్రం అని మొదటిసారి ఒప్పుకున్నట్టయింది. ఆ డిగ్రీలో ప్రజారోగ్య నర్సింగ్ మొదటినుంచీ ఉంది. తర్వాతి తరాల విద్యార్థుల చేతుల్లో కస్తూరి సుందరరావు గారు ఇంగ్లీషులో రాసిన కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ పుస్తకం కనిపించేది. మా ప్రొఫెసరు గారి దగ్గర అట్ట ఊడిపోయిన ప్రతి ఇప్పటికీ ఉంది.

కానీ డిగ్రీ చదివేవాళ్ళు పల్లెలకి ఎంతమంది వస్తారు? పల్లెకి కావలసింది పల్లె మనిషే. ఇక్కడ మన రాజమండ్రి ఆడపడుచు గురించి చెప్పాలి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టారు. చిన్నతనంలోనే కాకినాడలో ఆడవాళ్ళకి హిందీ బడి పెట్టారు, 1923 కాంగ్రెసు మహాసభల్లో వాలంటీరుగా ఉండి టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే ఆపారు. ఆ కథ మనకి తెలుసు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలయ్యారు. అక్కడ ఆవిడకి ఎదురైన చిక్కు ఇది. ఊళ్ళలో నర్సులు, మంత్రసానులు, గ్రామసేవికలు కావాలి. శిక్షణ ఇవ్వడానికి డబ్బు ఉంది, బడి ఉంది. చేరడానికి మాత్రం చదువుకున్న ఆడవాళ్ళు లేరు. ఇంకోపక్క చిన్నప్పుడే బడి మానిపించిన వాళ్ళు, భర్త పోయినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు ఊరూరా ఉన్నారు. ఈ రెండింటినీ ఆవిడ కలిపారు. 1958లో కండెన్స్‌డ్ కోర్సులు మొదలయ్యాయి. వయసు వచ్చిన ఆడవాళ్ళకి రెండేళ్ళలో మెట్రిక్ దాకా చదువు చెప్పించి నర్సింగ్ వంటి శిక్షణలకి అర్హత తెప్పించడం వాటి లక్ష్యం. మా వృత్తి భాషలో చెప్పాలంటే, నీళ్ళు ఉన్నాయి, పొలం ఉంది, మధ్యలో పిల్లకాలువ లేదు. ఆవిడ ఆ పిల్లకాలువ తవ్వారు. వీరేశలింగం గారు వితంతువులకి పెళ్ళి చేస్తే, అదే ఊళ్ళో పుట్టిన దుర్గాబాయి గారు వాళ్ళకి ఉద్యోగం వచ్చే దారి వేశారు. నా మటుకు నాకు రెండోదే పెద్ద పనిగా తోస్తుంది. పంతులు గారి అభిమానులు నా మీద అలగకూడదు.

సీతానగరంలో గౌతమీ సత్యాగ్రహాశ్రమం నడిచిన చోటే తర్వాత కస్తూరిబా ట్రస్టు కేంద్రం వచ్చింది. పల్లెటూరి స్త్రీలని గ్రామసేవికలుగా, మంత్రసానులుగా తయారుచేయడం దేశమంతటా ఆ ట్రస్టు పెట్టుకున్న పనుల్లో ఒకటి.

1950ల్లో వచ్చిన కొత్త పేరు ఏ.ఎన్.ఎం., రెండేళ్ళ కోర్సు. తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దాని కింద ఉపకేంద్రాలు. మైదాన ప్రాంతంలో అయిదువేలమందికి ఒక ఉపకేంద్రం అన్నది లెక్క. మనకి తెలిసిన నర్సమ్మ ఈవిడే. తెల్లచీర, భుజాన సంచి, సైకిలు, రేవు దాటడానికి పంటు. మంత్రసానులని కూర్చోబెట్టి చేతులు కడుక్కోవడం, కొత్త బ్లేడు వాడటం, బొడ్డు మీద ఏమీ రాయకుండా వదలడం నేర్పింది కూడా ఈవిడే. గర్భిణికి ధనుర్వాతం టీకా వెయ్యడం, బిడ్డకి వెయ్యాల్సిన టీకాలు పుస్తకంలో రాసిపెట్టుకోవడం కూడా ఈవిడ పనే. ధనుర్వాతంతో పసిబిడ్డలు పోవడం మన పిల్లల తరానికి తెలియదంటే, ఆ తెలియకపోవడమే వీళ్ళు చేసిన పని.

1986 ఆగస్టు వరద మనలో యాభై దాటిన ప్రతివాళ్ళకీ గుర్తే. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నీళ్ళు తీశాక బావులన్నీ బురద. అప్పుడు మా వీధిలోకి వచ్చిన ఏ.ఎన్.ఎం. గారు తాడుకి రాయి కట్టి బావిలోకి వదిలి, తడిసినంత మేర కొలిచారు. తర్వాత బావి అడ్డం కొలిచి, నోట్‌బుక్కులో వ్యాసం వర్గాన్ని లోతుతో హెచ్చవేసి, 3.14తో గుణించి, నాలుగుతో భాగించి, వెయ్యితో గుణించి బావిలో ఎన్ని లీటర్లు ఉన్నాయో తేల్చారు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు. బకెట్టులో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట బావిలోకి వంచారు. స్తూపం ఘనపరిమాణం మన లెక్కల మేష్టారు చెప్పిన సూత్రమే. దాంతో ఎవరైనా ఏదైనా పని చెయ్యడం నేను చూసింది అదే మొదటిసారి. నేను మంచినీటి పథకాల పనిలోకి రావడానికి ఆ బావిగట్టు కూడా ఒక కారణమని నా నమ్మకం.

ఆవిడ ఆ లెక్క మాత్రమే చేసి పోలేదు. అరగంట ఆగాలి, అప్పటిదాకా ఎవరూ తోడకండి అని చెప్పి, ఆ అరగంటా మా అమ్మతోనూ పక్కింటి పిన్నిగారితోనూ మాట్లాడుతూ అరుగు మీదే కూర్చున్నారు. ఎవరింట్లో బిడ్డకి విరేచనాలు ఉన్నాయో, ఎవరు నెల తప్పారో ఆ అరగంటలోనే ఆవిడకి తెలిసిపోయింది. నైటింగేల్ కోరిన పాఠశాల అదే.

ఇంత పని చేస్తున్నవాళ్ళ చదువుకి ప్రభుత్వాలు ఏం చేశాయో చూడండి. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఒక్కో జబ్బుకి ఒక్కో మనిషి కాకుండా అన్నీ చూసే బహుళార్థ ఆరోగ్య కార్యకర్త ఉండాలంది. ఆలోచన బాగుంది. కానీ పని పెరిగినప్పుడు శిక్షణ పెరగాలి కదా? 1977లో ఏ.ఎన్.ఎం. కోర్సు రెండేళ్ళ నుంచి పద్దెనిమిది నెలలకి తగ్గింది. కోత ఎక్కువగా కాన్పుల పాఠం మీద పడింది. ఊళ్ళో కాన్పు చెయ్యాల్సిన మనిషికే కాన్పు చెయ్యడం తక్కువ నేర్పారు. దీనికి తోడు కుటుంబ నియంత్రణ టార్గెట్లు. 1966 నుంచి 1996లో ఎత్తేసేదాకా ముప్పై ఏళ్ళు, ఏ.ఎన్.ఎం. ఎంత మంచి పని చేసిందనేది ఎన్ని ఆపరేషన్ కేసులు తెచ్చిందనే కొలతలోనే ఉండేది. ఇంటికి వస్తే జనం “కేసు కోసం వచ్చింది” అని తలుపు వేసుకునే రోజులు వచ్చాయి. అరుగు మీద అరగంట కూర్చుని సంపాదించిన నమ్మకం అలా ఖర్చయిపోయింది. కోర్సు మళ్ళీ రెండేళ్ళకి పెరిగేసరికి 2012 దాటింది. ముప్పై అయిదేళ్ళు! ఒక వంతెన పునాదిలో నాలుగోవంతు సిమెంటు తగ్గించి ముప్పై అయిదేళ్ళ తర్వాత గుర్తుకొచ్చిందంటే మా ఇంజనీర్లని ఊరుకుంటారా?

ఇప్పుడు మా ప్రొఫెసరు గారి పని. విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో వచ్చాక నర్సింగ్ కాలేజీలు పెరిగాయి. మన డెల్టా నుంచి ఎంతోమంది అమ్మాయిలు, ఈమధ్య అబ్బాయిలు కూడా, చేరుతున్నారు. చదివి గల్ఫ్‌కీ ఇంగ్లండుకీ వెళ్తున్నారు. వెళ్ళనివ్వండి, ఇళ్ళు నిలబడుతున్నాయి. ఆవిడ బాధ అది కాదు. కమ్యూనిటీ పోస్టింగ్ అంటే ఊరికి బస్సులో వెళ్ళి, ఒక ర్యాలీ తీసి, ఫొటో దిగి, రికార్డు మీద సంతకం పెట్టించుకుని వచ్చేయడంగా కొన్నిచోట్ల మారిపోయింది. ఆవిడ దగ్గర అది సాగదు.

ఆవిడ విద్యార్థికి మొదట నేర్పేది సంచి. సంచిని నేల మీద పెట్టకూడదు, న్యూస్‌పేపరు పరిచి పెట్టాలి. సబ్బు, తువ్వాలు బయటి అరలో ఉంటాయి, ఎందుకంటే చేతులు కడుక్కోకుండా సంచి తెరవకూడదు. వాడిన వస్తువు శుభ్రం చెయ్యకుండా లోపలికి పోకూడదు. పేపరుకి నేల తగిలిన వైపు లోపలికి మడవాలి. ఒక ఇంటి జబ్బు ఇంకో ఇంటికి మోసుకుపోకుండా ఉండే పద్ధతి ఇది. చూసే ఇంటివాళ్ళకి కూడా అది పాఠమే, నోటితో చెప్పనక్కర్లేదు. తర్వాత ఒక్కొక్కరికి కొన్ని కుటుంబాలు అప్పగిస్తారు. పరీక్షలో ఆవిడ అడిగే ప్రశ్న పుస్తకంలో ఉండదు. “ఆ ఇంట్లో నీళ్ళ బిందె ఎక్కడ పెడతారు? దానిలోంచి నీళ్ళు ఎలా తీస్తారు?” అని అడుగుతారు. ఇంటికి వెళ్ళనివాడు ఇక్కడ దొరికిపోతాడు.

ఆ ప్రశ్న నాకు బాగా తగిలింది. మేం ట్యాంకు కడతాం, గొట్టాలు వేస్తాం, చివరి కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందా లేదా చూసి సంతకం పెడతాం. మా బాధ్యత అక్కడితో అయిపోయింది. నేను పనిచేసిన ఒక లంక గ్రామంలో కుళాయి నీళ్ళు పరీక్షల్లో ఎప్పుడూ నిలబడేవి, విరేచనాలు మాత్రం ప్రతి వేసవీ వచ్చేవి. కుళాయికీ నోటికీ మధ్య బిందె ఉంది. బిందెలో చెయ్యి ముంచి గ్లాసుతో తీస్తున్నారు. అక్కడి ఏ.ఎన్.ఎం. గారు ఆశా కార్యకర్తని వెంటపెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, మూత, పొడుగు కాడ గరిటె అలవాటు చేయించారు. మూడు వేసవులు పట్టింది. కోటి రూపాయలు దాటిన మా పథకం చెయ్యలేని పని గరిటె చేసింది. ఆ మూడు వేసవుల పనికి ఏ బిల్లూ లేదు, ఏ శిలాఫలకమూ లేదు.

ఈమధ్య కొన్ని మంచి మార్పులు వచ్చాయి. 2005 నుంచి ఆశా కార్యకర్తలు, 2019 తర్వాత గ్రామ సచివాలయాల్లో ఏ.ఎన్.ఎం.లు, ఉపకేంద్రాల్లో బి.ఎస్సీ. నర్సింగ్ చదివిన ఎం.ఎల్.హెచ్.పి.లు. బి.పి., షుగరు పరీక్షలు ఊళ్ళోనే. డిగ్రీ నర్సు పల్లెకి రావడమనే 1946 నాటి కల ఇంతకాలానికి కొంత తీరింది. అయితే వాళ్ళలో చాలామంది పొద్దున్నుంచి ఫోనులో యాప్‌లు నింపుతూనే ఉంటారు. అరుగు మీద అరగంట కూర్చునే తీరిక ఎవరికీ లేదు. టార్గెట్ల రోజుల్లో రిజిస్టరు చేసిన పని ఇప్పుడు ఫోను చేస్తోందేమోనని నాకు అనుమానం.

చివరగా సంఘం వారికి ఒక విన్నపం. ఉద్యోగంలో ఉన్నా రిటైరైనా, మన బడిలో చదివి నర్సులైనవాళ్ళ జాబితా మన దగ్గర లేదు. డాక్టర్ల జాబితా ఉంది, ఇంజనీర్ల జాబితా ఉంది, అమెరికాలో ఉన్నవాళ్ళ జాబితా రెండుసార్లు అచ్చయింది. నర్సుల జాబితా తయారుచెయ్యడానికి నేను సిద్ధం. ఈ సంచిక చూసినవాళ్ళు పేర్లు సంఘానికి అందిస్తే చాలు.

రెండోది, మా ప్రొఫెసరు గారు తన విద్యార్థులని పదిహేను రోజులు మన లంక ఊళ్ళలో ఉంచాలనుకుంటున్నారు. బస్సులో వచ్చిపోవడం కాదు, ఇక్కడే ఉండాలి. వాళ్ళకి చోటు కావాలి. మన హైస్కూలు వేసవి సెలవుల్లో ఖాళీగానే ఉంటుంది, హెడ్మాస్టరు గారితో మాట్లాడాను, పిల్లలకి బోరింగు, దొడ్లు సరిచేయిస్తే అభ్యంతరం లేదన్నారు. ఆ ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. ఎండలు తగ్గాక పెట్టుకోకూడదా అని ఆవిడని అడిగితే ఒప్పుకోలేదు. కాలువలు కట్టేసి, చెరువులో నీళ్ళు అడుగంటి, బిందెలు వరసలో నిలబడ్డ రోజుల్లోనే రావాలట.